గేటు ఇద్దరికీ మోగింది, సంచి మాత్రం అమ్మదే విప్పారు

నల్లగొండలో ఉండే ఒక పాఠకురాలు ఈ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె గురుకులంలో టీచర్. పుట్టిల్లు దేవరకొండ దిక్కు ఒక తండా. వేసవి సెలవుల చివర్లో తల్లి బీపీ చూపించుకోవడానికి నల్లగొండ వచ్చింది. ఆస్పత్రి పని అయ్యాక ఇద్దరూ టౌన్‌లో ఒక పెద్ద మార్ట్‌కు వెళ్లారు. తల్లి ఇప్పటికీ లంబాడీల ఫేటియా (లంగా), కాంచళి (రవిక) వేసుకునే మనిషి. చేతిలో గుడ్డసంచి ఉంది. లోపలికి పోయేటప్పుడు ఆ సంచి కౌంటర్‌లో పెట్టమని ఎవరూ అనలేదు. నెల సరుకులు, తమ్ముడి బిడ్డకు ఒక గౌను కొన్నారు. ఫోన్ నంబర్ చెప్తేనే బిల్లు వస్తుందంటే చెప్పి, పైసలు కట్టి బయటికి వస్తుంటే గేటు మోగింది.

‘‘ఓ అమ్మా, నువ్వు ఇటు రా. సంచి చూపియ్యి’’ అన్నాడు సెక్యూరిటీ పిల్లగాడు. సరుకులు, గౌను ఉన్న కవర్లు కూతురి చేతిలో ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడలేదు. తల్లి సంచి బల్ల మీద బోర్లించారు. మందుల చీటీ, గోలీలు, బస్సు జీరో టికెట్, మూటలో రెండు జొన్నరొట్టెలు, సగం వాడిన కొబ్బరినూనె సీసా బయటపడ్డాయి. అదే నూనె లోపల కూడా అమ్ముతారు. ‘‘దీనికి బిల్లేది?’’ అని సూపర్‌వైజర్ వచ్చి, సీసాను లైటుకు ఎత్తి చూశాడట. తల్లి తమ భాషలో ఏదో చెప్పబోతే సెక్యూరిటీ పిల్లగాడికి అర్థమైందని ఆమె కళ్లారా చూశారు. అయినా వాడు తెలుగులోనే జవాబిచ్చాడు. చివరికి బిల్లు కౌంటర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, గౌనుకు ఉన్న ప్లాస్టిక్ ట్యాగ్ తీయడం మరిచిపోయానని చెప్పింది. ‘‘సరే సరే, పోండి’’ అన్నాడు సూపర్‌వైజర్. అంతే.

బండ్ల దగ్గరికి ఆ పిల్లగాడు వచ్చి, ‘‘ఏమనుకోకు అక్కా. తండాలోళ్లు సంచులు పట్టుకొని వస్తే జర చూడుమని సార్ చెప్పిండు’’ అన్నాడట.

బల్ల దగ్గర ఇదంతా నడుస్తుండగా ఆటో తీసుకొని వచ్చిన తమ్ముడు ఆ గొడవ చివరి భాగం ఫోన్‌లో తీశాడు. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానళ్లలో పెడతానంటున్నాడు. ‘‘దొంగతనాలు జరుగుతయి, వాళ్ల భయం వాళ్లది, ఇడిసెయ్’’ అంటున్నారు భర్త. తల్లి ఆ విషయం ఎత్తడం లేదు. కానీ ఊళ్లో కిరాణా షాపులో అగ్గిపెట్టె కొన్నా చీటీ రాసివ్వమని అడుగుతోందట. ఆ చీటీలన్నీ మూట కట్టి పెట్టుకుంటోందట. ‘‘నేను అతిగా ఆలోచిస్తున్నానా? పిల్లలకు ధైర్యం నూరిపోసే నేను ఆ రోజు నోరెందుకు తెరవలేదు? ఇప్పుడేం చేయాలి? మా స్టాఫ్ అందరం అక్కడే సరుకులు కొంటాం, నేను మళ్లీ పోవాలా వద్దా?’’ అని అడిగారు.

జవాబు

చెల్లెమ్మా, మీ వారి మాటతోనే మొదలుపెడతాను. అందులో సగం నిజం ఉంది. దుకాణాల్లో సరుకు పోతుంది. నెలాఖరుకు స్టాక్ లెక్క చూస్తే తేడా వస్తుంది. దాన్ని వాళ్లు షార్టేజీ అంటారు. అయితే ఆ షార్టేజీ అంతా కొనేవాళ్ల సంచుల్లోనే పోదు. లోపలి మనుషులు తీసేది కొంత, సప్లయర్ తక్కువ దింపి పూర్తి బిల్లు వేసేది కొంత, బిల్లింగ్‌లో తప్పు కోడ్ కొట్టేది కొంత, పగిలేది, ఎలకలు కొట్టేది కొంత. కొన్ని దుకాణాల్లో ఆ తేడాను సిబ్బంది జీతాల్లోంచి కోస్తారు కూడా. కాబట్టి గేటు దగ్గరి పిల్లగాడి భయం ఉత్తుత్తి భయం కాదు. మీ వారు అన్నది అంతవరకు సరే.

సరికానిది ఎక్కడంటే, ఆ భయంతో అందరికీ ఒకే పద్ధతి పెట్టుకోవచ్చు కదా? సంచులన్నీ బయట పెట్టించి టోకెన్ ఇవ్వొచ్చు. గేటు దగ్గర అందరి బిల్లూ చూసి రంధ్రం కొట్టొచ్చు. దాంతో కలెక్టరమ్మకైనా, కూలీకైనా చిరాకు వస్తుందే కానీ అవమానం కాదు. మీ దగ్గర జరిగింది అది కాదు. మీ అమ్మగారి సంచి లోపలికి పోయేటప్పుడు ఎవరికీ అడ్డం రాలేదు. వచ్చేటప్పుడు మాత్రం నేరమైంది.

ఆ గేటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీకు ఇంకో సంగతి స్పష్టమవుతుంది. బట్టలకు పెట్టే ఆ గట్టి ప్లాస్టిక్ బిళ్లను బిల్లు కొట్టాక అయస్కాంతం ఉన్న పరికరంతో ఊడదీయాలి. అతికించే రకం స్టిక్కర్ అయితే కౌంటర్ దగ్గరే పనిచేయకుండా చేయాలి. గేటుకు తెలిసేది ఒక్కటే: ట్యాగ్ ఉందా, లేదా. డబ్బు కట్టారో లేదో దానికి తెలియదు, ఎవరు ఏ బట్ట కట్టుకున్నారో అసలే తెలియదు. వేరే దుకాణంలో తీయడం మరిచిన ట్యాగ్‌కు కూడా ఇక్కడ మోగొచ్చు. అందుకే గేటు మోగితే చేయాల్సిన పని చాలా చిన్నది. బిల్లు చూడాలి, ఒక్కో కవరూ మళ్లీ గేటు దాటించాలి, మోగిన కవర్లో ట్యాగ్ వెతకాలి. నిమిషం పని.

మీరిద్దరూ కలిసి గేటు దాటారు. కొన్న సరుకంతా మీ చేతిలో ఉంది. ట్యాగ్ ఉండే అవకాశం ఉన్నది మీ కవర్లలోనే. వాళ్లు విప్పింది మాత్రం ఏమీ కొనని మనిషి సంచి. మోగడం గేటు పని, ఎవర్ని పిలవాలన్నది మనిషి నిర్ణయం. మీరు అతిగా ఆలోచిస్తున్నారా అని అడిగారు కదా, లేదు. మీరు చూసినదాన్నే చూశారు.

సగం వాడిన నూనె సీసా గురించి కూడా ఒక మాట. ఎవరైనా దుకాణంలో సీసా దొంగిలించి, సీల్ తీసి, సగం తలకు రాసుకొని, మిగతాది సంచిలో వేసుకొని బయటికి వస్తారా? ఆ సూపర్‌వైజర్ లైటుకు ఎత్తి ఏం చూశాడో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. అనుమానం ముందే ఖాయమైతే రుజువు తర్వాత వెతుక్కుంటారు.

ఈ అనుమానం పాతదేమీ కాదు, కొత్త రకం దుకాణంతో వచ్చింది. పాత కిరాణా కొట్లో సరుకు గల్లా అవతల ఉండేది, మనం చెప్తే సేటు తీసిచ్చేవాడు. కొనేవాళ్లే బుట్ట పట్టుకొని అరల మధ్య తిరిగే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే కొట్టుతో పేరుకెక్కింది. పనివాళ్ల ఖర్చు తగ్గింది, కంటికి కనిపించినవన్నీ కొంటారు కాబట్టి అమ్మకం పెరిగింది. సరుకు చేతికి అందేలా పెట్టింది లాభం కోసమే. అలా పెట్టినందుకు కొంత పోతుందన్న భయాన్ని మాత్రం కెమెరాగా, గేటుగా, ‘దొంగిలిస్తే పది రెట్లు జరిమానా’ అన్న బోర్డుగా మన మీదికి మళ్లించారు. (ఆ బోర్డుకు చట్టంలో విలువ లేదు. జరిమానా వేసే అధికారం కోర్టుది, మార్ట్‌ది కాదు.)

కిరాణా సేటు ఉద్దెర ఇచ్చేవాడు, మనిషిని నమ్మేవాడు అని పాత కాలాన్ని మోసేవాళ్లున్నారు. నేను అంత దూరం పోను. తండాల నుంచి ఆముదాలు, కందులు మోసుకొచ్చిన మీ తాతల తరాన్ని కాంటా దగ్గర ఎలా ముంచారో ఆ పెద్దలను అడిగితే కథలు కథలుగా చెబుతారు. నిజానికి చట్టం మొదటి నుంచీ అనుమానించింది అమ్మేవాణ్నే. కాంటాకు ప్రభుత్వ ముద్ర ఉండాలన్నా, ప్యాకెట్ మీద బరువు, ధర అచ్చు వేయాలన్నా కారణం అదే. 2009 నాటి తూనికలు కొలతల చట్టం, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రెండూ ఆ చూపుతో రాసినవే.

ఇక వాళ్లకున్న హక్కు ఎంత? సంచి చూపించమని అడగొచ్చు. మీరు సరే అంటే చూడొచ్చు. ఒప్పుకోకపోతే పోలీసులను పిలవొచ్చు. సెక్యూరిటీ గార్డు యూనిఫాం వేసుకున్నా పోలీసు కాదు. అతను మామూలు పౌరుడే. కళ్లెదుటే పెద్ద నేరం జరిగితే మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది, అదీ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలన్న షరతుతో. గేటు మోగడం కళ్లెదుట జరిగిన నేరం కాదు. పోయే దారిలో ఉన్న మనిషిని పోనివ్వకుండా అక్రమంగా అడ్డుకుంటే భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ ప్రకారం నెల వరకు సాధారణ జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది తెలిసి ఉండటం మంచిదే కానీ, ఆ రోజు జరిగింది దీని కిందికి వస్తుందా అన్నది ‘ఇటు రా’ అన్నాక ఏం జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. అమ్మగారు తనంతట ఇచ్చారా, గుంజుకున్నారా? మీ ఉత్తరంలో అది లేదు. గుర్తు తెచ్చుకొని తేదీ, సమయంతో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంకో వారం పోతే మీ జ్ఞాపకంలోకి తమ్ముడి మాటలు, నా మాటలు కలిసిపోతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏ దారి పట్టాలన్నది మీకేం కావాలన్న దాని మీద ఉంటుంది. అమ్మకు క్షమాపణ కావాలా, ఇంకో తండా మనిషికి ఇలా కాకుండా ఉండాలా, తప్పు చేసినవాళ్లకు శిక్ష పడాలా? మూడూ కావాలనిపించడం సహజం. కానీ ఒక్కోదానికి ఒక్కో దారి.

నాకైతే ముందు మార్ట్ యాజమాన్యానికి ఉత్తరం రాయడం మేలనిపిస్తుంది. నోటి మాట కాదు, ఉత్తరమే. బిల్లు కాపీ జత చేయండి. బిల్లు మీదే దుకాణం పేరు, చిరునామా ఉంటాయి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఉన్నది ఉన్నట్టు రాయండి: ట్యాగ్ తీయనిది మీ కౌంటర్, విప్పింది మా అమ్మ సంచి. ఆ రోజు కెమెరా రికార్డింగ్ చెరిపేయొద్దని మొదటి పేరాలోనే అడగండి. చాలాచోట్ల కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఏం కోరుతున్నారో కూడా తేల్చి రాయండి. సంచుల నియమం అందరికీ ఒకటే ఉండాలి, అది తెలుగులో బోర్డు పెట్టాలి, అమ్మకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. ఇంకొక వాక్యం తప్పకుండా ఉండాలి: గేటు దగ్గరి గార్డును తీసేయడం మేం కోరడం లేదు. ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో ఊహించగలను. గార్డు ఏజెన్సీ మనిషి. ఒక ఫోన్ కాల్‌తో అతణ్ని మార్చేసి, ‘చర్య తీసుకున్నాం మేడం’ అంటారు. చెప్పిన సూపర్‌వైజర్ అక్కడే ఉంటాడు, ఆ మాట కొత్త గార్డుకు కూడా చెబుతాడు.

ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే జవాబు రాకపోవచ్చు. లేదా ఫోన్ చేసి తియ్యగా మాట్లాడి గిఫ్ట్ కూపన్ ఇస్తామనవచ్చు. తీసుకుంటే తప్పని అనను. కానీ అది తీసుకున్నాక గొంతు తగ్గుతుంది. ఫోన్ రాకముందే ఇంట్లో మాట్లాడుకొని పెట్టుకోండి.

జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. వాళ్లు దుకాణంతో మాట్లాడతారు, తీర్పు చెప్పే అధికారం వాళ్లకు లేదు. అది ఉన్నది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. నల్లగొండలోనే ఉంది. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. మానసిక వేదనకు పరిహారం అడగొచ్చు. నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. బడి వదిలి ఎన్నిసార్లు తిరగగలరో మీరే లెక్క వేసుకోవాలి. ఫోన్ నంబర్ లేకపోతే బిల్లు రాదన్నారని రాశారు, అదీ ఫిర్యాదులో పెట్టండి. బిల్లుకు నంబర్ కోసం పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు సూచించింది. మనల్ని నమ్మని దుకాణానికి మన నంబర్ ఎందుకో!

పోలీసు దారి బరువైనది. ‘తండాలోళ్లు సంచులు పట్టుకొని వస్తే’ అన్న ఆ ఒక్క మాట వల్లే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గుర్తుకొస్తుంది. నలుగురు చూస్తుండగా, ఎస్టీ అయినందుకే, కావాలని అవమానించారని చూపగలిగితే 3వ సెక్షన్ కిందికి వస్తుంది. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. అయితే మూడు సంగతులు చూసుకోండి. ఆ మాట మీకు చెప్పింది గార్డు, సూపర్‌వైజర్ నోట మీరు వినలేదు. గార్డు సాక్ష్యం చెప్తే అతని ఉద్యోగం పోతుంది. రెండోది, గార్డు మీవాడే అనుకుంటున్నారు. ఎస్టీ అయితే అతని మీద ఈ చట్టం వర్తించదు, సూపర్‌వైజర్ మీద పెట్టాలంటే అతని కులం తెలియాలి. మూడోది, అమ్మగారు మళ్లీ మళ్లీ స్టేషన్‌లో, కోర్టులో ఆ బల్ల దగ్గరి సంగతి చెప్పాలి. దీనికి ఆమె సిద్ధమా? కాదంటే ఆ దారి మీది కాదు. అవునంటే మాత్రం ఎవరో భయపెడితే ఆగొద్దు. నిర్ణయించుకునే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్టీలకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.

తమ్ముడి వీడియో సంగతి. కోపం న్యాయమైనదే. కానీ అందులో ఉన్నది చివరి భాగం. గేటు మోగినప్పుడు ఎవర్ని పిలిచారన్నది అందులో లేదు. చూసేవాళ్లకు కనిపించేది బల్ల మీద రొట్టెలు, నూనె సీసా, వాటి పక్కన నిలబడ్డ ఒక లంబాడీ పెద్దమ్మ. కింద కామెంట్లలో సగం మంది ఏం రాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. గొట్టాలు పట్టుకొని ఛానళ్లవాళ్లు తండాకు వస్తారు, ‘అమ్మా, ఆ రోజు నీకు ఎట్లనిపించింది’ అని అడుగుతారు. ఒకసారి పోయిన వీడియో వెనక్కి రాదు. తమ్ముణ్ని తిట్టకండి. ఆ వీడియో సాక్ష్యం అవుతుందని, ఎడిట్ చేయకుండా రెండుచోట్ల దాచమని చెప్పండి. ఉత్తరం, కమిషన్ రెండూ ఫలించకపోతే అప్పుడు బయట పెట్టే సంగతి అమ్మను అడిగి తేల్చుకోవచ్చు. అది ఆమె మొఖం.

అసలు ఇప్పటిదాకా ఆమెను ఎవరైనా అడిగారా? భర్త ఒకటన్నారు, తమ్ముడు ఒకటన్నాడు, మీరు నాకు ఉత్తరం రాశారు. ఆమె చీటీలు పోగేస్తోంది. ఏ రోజు ఎవరు ఆపినా చూపించడానికి సిద్ధంగా ఉంటోంది. తప్పు తనదేమో, చీటీ లేకపోవడమే తప్పేమో అని ఆమెకు ఎక్కడో పడిపోయి ఉంటుంది. గేటు ఎందుకు మోగిందో ఆమెకు మీరు చెప్పారా? గౌను ట్యాగ్ సంగతి ఆ గడబిడలో తెలుగులో నడిచింది. ఆమెకు పూర్తిగా అర్థమైందని నాకు నమ్మకం లేదు. తండాకు పోయినప్పుడు మీ భాషలో, తీరుబడిగా, ఆ ట్యాగ్ ఎలా ఉంటుందో చూపించి చెప్పండి. చీటీలు పారేయమని మాత్రం అనకండి. అవి ఆమెకు అక్కర్లేనప్పుడు ఆమే తీసేస్తుంది.

ఇక మీరు నోరు తెరవని సంగతి. చుట్టూ జనం, పక్కన బెదిరిపోయిన తల్లి. అరిస్తే ఆమె మరింత బెదిరేది. అలాంటప్పుడు నోరు రాకపోవడం పిరికితనం కాదు, చాలామందికి మాట తర్వాతే వస్తుంది. ఇంకోసారి ఎవరికైనా పనికొస్తుందని ఒక మాట చెబుతాను. గొంతు పెంచక్కర్లేదు. ‘‘ముందు ఈ కవర్లు ఒక్కొక్కటి దాటించండి, బిల్లు ఇదిగో. సంచి చూడాలంటే లేడీ స్టాఫ్‌ను పిలవండి, పక్కకు తీసుకుపోయి చూడండి’’ అంటే చాలు. మీ ఇంటర్ పిల్లలకు కూడా ఒకరోజు ఇది చెప్పండి. హాస్టల్ పిల్లలు ఊరికి పోయేటప్పుడు పెద్ద బ్యాగులతోనే దుకాణాలకు పోతారు కాబట్టి వాళ్లకూ ఎదురవుతుంది.

ఆ మార్ట్‌కు మళ్లీ పోవాలా అన్నదానికి నా దగ్గర నియమం లేదు. మీరు ఒక్కరు మానేస్తే వాళ్లకు తెలియను కూడా తెలియదు. స్టాఫ్ అందరూ కలిసి ఉత్తరం మీద సంతకాలు పెడితే మాత్రం తెలుస్తుంది, నెల సరుకులు కొనే ఇళ్లను వాళ్లు ఊరికే పోగొట్టుకోరు. సంతకాలు అడగడం మీకు మొహమాటమైతే అదీ అర్థం చేసుకోగలను. స్టాఫ్ రూములో అమ్మ సంగతి చర్చకు రావడం అందరికీ ఇష్టం ఉండదు. రేట్లు తక్కువని పోవాలనిపిస్తే పొండి, అందులో అమ్మకు ద్రోహం ఏమీ లేదు. ఉత్తరం పోస్టు చేశాక జవాబు కోసం పదిహేను రోజులు చూసి, ఆ తర్వాత 1915కు ఫోన్ చేయండి.